ఎవరి గడపకు ఎవరు కాపలా?

తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ వీధుల్లో పోపు వాసన తగలకుండా పది నిమిషాలు నడవడం కష్టం. అక్కడ ఒక చిన్న హోటల్ నడిపే తెలుగాయన ఉన్నాడనుకుందాం. తన వంటింట్లోనే నువ్వులపొడి కొట్టించి, చిన్న డబ్బాల్లో సర్ది, బిల్లు కట్టే బల్ల పక్కన అమ్మకానికి పెట్టాడు. మన ఊళ్లో అయితే చాలామంది మూత మీద ధర రాసి ఊరుకుంటారు. అక్కడ సరిపోదు. ముందే కట్టిపెట్టి అదే దుకాణంలో అమ్మే ప్రతి తినుబండారం మీదా దినుసులన్నీ వరుసగా రాయాలి. 14 రకాల ఎలర్జీ పదార్థాల్లో ఏది ఉన్నా ఆ పేరు మిగతావాటికంటే కొట్టొచ్చినట్టు కనబడాలి. ఆ 14లో నువ్వులున్నాయి, వేరుశనగలున్నాయి, పాలున్నాయి. ఆవాలు కూడా ఉన్నాయి. పోపు పడని కూర తెలియని వంటవాడికి ఆవాలు ప్రమాదాల పట్టీలో కనబడటం వింతే.

ఈ చీటీల నిబంధన వెనక ఒక చావు ఉంది. 2016లో నటాషా ఎడ్నన్-లపరూజ్ అనే 15 ఏళ్ల అమ్మాయి హీత్రూ విమానాశ్రయంలో కొన్న శాండ్‌విచ్ తిని, విమానంలోనే ఊపిరాడక పడిపోయి, ఆ తర్వాత చనిపోయింది. రొట్టె పిండిలో నువ్వులు కలిశాయి. పొట్లం మీద ఆ మాట లేదు. అప్పటి నిబంధనల ప్రకారం ఉండాల్సిన పని కూడా లేదు. తల్లిదండ్రులు పట్టు వదలకపోవడంతో 2021 అక్టోబర్ 1 నుంచి నిబంధన మారింది. జనం దాన్ని ‘నటాషా చట్టం’ అంటారు.

బ్రిటన్‌లో ఇటీవలి చట్టాలను ఇలా పోయినవాళ్ల పేర్లతో పిలవడం అలవాటైపోయింది. మనకూ నిర్భయ ఉంది, దిశ ఉంది. అయితే అవి అసలు పేరు దాచడానికి పెట్టిన పేర్లు. అక్కడ కన్నవాళ్లే తమ బిడ్డ పేరును చట్టానికి ఇచ్చి, ఆ పేరుతోనే పార్లమెంటు గడప తొక్కుతున్నారు. 2017 మే 22న మాంచెస్టర్ అరీనా బాంబు దాడిలో 22 మంది చనిపోయారు. వారిలో ఒకరైన మార్టిన్ హెట్ తల్లి ఫిగెన్ మర్రే ఏళ్ల తరబడి తిరిగి సాధించినది ‘మార్టిన్ చట్టం’. రాచ్‌డేల్ పట్టణంలో బూజు పట్టిన ఇంట్లో పెరిగి, 2020 డిసెంబర్‌లో రెండేళ్లకే కన్నుమూసిన పసివాడి పేరు మీద వచ్చింది ‘అవాబ్ చట్టం’.

గత నాలుగైదేళ్లలో బ్రిటన్ చేసిన చట్టాలను విడివిడిగా చూస్తే పొంతన కనబడదు. అద్దెలకు ఒకటి, జీతాలకు ఒకటి, ఇంటర్నెట్‌కు ఒకటి, చెత్తబుట్టలకు మరొకటి. ఒకచోట పోగేసి చూస్తే మాత్రం వాటిలో చాలావాటికి ఒకే పోలిక ఉంది. ప్రతిచోటా ప్రభుత్వం కొత్త పోలీసును పెట్టడం లేదు. ఇంటి యజమానిని, హోటల్ ఓనరును, బ్యాంకును, వెబ్‌సైటును కాపలా కాయమంటోంది. కాయకపోతే జరిమానా వేస్తానంటోంది. ఈ పద్ధతి ఎక్కడ పనిచేస్తోంది, ఎక్కడ బెడిసికొడుతోంది అన్నది ఈ సమీక్షలో చూద్దాం.

పాత వేరు

ఈ పద్ధతికి మొదలు వెతికితే 1974 దగ్గర ఆగుతాం. అంతకు ముందు బ్రిటన్‌లో కార్మికుల భద్రతకు చట్టాలు కరువేమీ కాదు. గనికి ఒకటి, ఫ్యాక్టరీకి ఒకటి, ఆఫీసుకు ఒకటిగా పేరుకుపోయి ఉండేవి. లార్డ్ రోబెన్స్ అధ్యక్షతన వేసిన కమిటీ 1972లో నివేదిక ఇస్తూ, చట్టాలు తక్కువై కాదు, మరీ ఎక్కువై ఎవరికీ పట్టకుండా పోయాయని తేల్చింది. ప్రమాదాన్ని సృష్టించేవాళ్లూ, దాని మధ్య పనిచేసేవాళ్లే దానికి మొదటి బాధ్యులన్నది ఆ నివేదిక సారం. 1966లో వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు గుట్ట జారి బడి మీద పడి 116 మంది పిల్లలు చనిపోయినప్పుడు జాతీయ బొగ్గు బోర్డుకు అధిపతిగా ఉన్నదీ ఈ రోబెన్సే. ప్రమాదాలకు బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు జవాబు ఆయన చేతనే రాయించింది చరిత్ర.

ఆ నివేదిక నుంచి పుట్టిన 1974 భద్రతా చట్టం మెట్టుకు ఎంత ఎత్తు, కడ్డీకి ఎంత లావు అని లెక్కలు చెప్పలేదు. సహేతుకంగా సాధ్యమైన మేరకు పనివాళ్లను కాపాడు అని యజమానికి ఒక్క కర్తవ్యం అప్పగించింది. ఆ ఏడాది పనిచోట్ల ప్రమాదాల్లో 650 మందికి పైగా ఉద్యోగులు చనిపోతే, 2024-25లో చనిపోయిన పనివాళ్లంతా కలిపి 124 మంది. గనులు మూతపడటం, ఫ్యాక్టరీలు తగ్గడం కూడా ఇందుకు కారణమే. అయినా యజమానిని కాపలాదారుగా నిలబెట్టడం వల్ల ప్రాణాలు నిలిచాయన్నది కాదనలేని మాట.

అద్దె ఇల్లు

ఫారం 6ఏ అనే కాగితం గురించి ఇంగ్లండ్‌లో అద్దెకున్న ఎవరినడిగినా చెబుతారు. 1988 గృహనిర్మాణ చట్టంలోని 21వ సెక్షన్ కింద ఇంటి యజమాని ఇస్తూ వచ్చిన నోటీసు అది. అందులో ఇంటి చిరునామా రాయడానికి చోటుంది, ఖాళీ చేయాల్సిన తేదీకి చోటుంది. కారణం రాయడానికి చోటు లేదు. అద్దె ఒక్కరోజు ఆలస్యం చేయకపోయినా, గోడకు ఒక్క మేకు కొట్టకపోయినా రెండు నెలల గడువిచ్చి పొమ్మనే వీలుండేది. కుళాయి కారుతోందని ఫిర్యాదు చేయడానికి కూడా జనం జంకింది ఈ కాగితానికి భయపడే.

దీన్ని ఎత్తేస్తామని థెరెసా మే ప్రభుత్వం మాటిచ్చింది 2019లో. ఆ మాట చట్టం కావడానికి ఐదో ప్రధాని దాకా ఆగాల్సి వచ్చింది. అద్దెదారుల హక్కుల చట్టానికి 2025 అక్టోబర్ 27న రాజామోదం దొరికింది. అమలుకు 2026 మే 1 తేదీ పెట్టారు. ఇంగ్లండ్‌లో ప్రైవేటు ఇళ్లలో అద్దెకుంటున్న 1.1 కోట్ల మంది మీద దీని ప్రభావం ఉంటుందని ప్రభుత్వ లెక్క. ఇకపై యజమాని కారణం చూపాలి. ఇల్లు అమ్ముకోవాలన్నా, తానే చేరాలన్నా నాలుగు నెలల ముందు చెప్పాలి, అదీ మొదటి ఏడాదిలో కుదరదు. అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచవచ్చు. ప్రకటించిన అద్దె మీద పోటీ పాటలు పెట్టకూడదు. అద్దెదారు మాత్రం రెండు నెలల నోటీసుతో ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు.

మన పిల్లలకు నేరుగా తగిలే నిబంధన ఒకటుంది. అద్దె మొదలయ్యే ముందు నెలకు మించి అడ్వాన్సు అడగకూడదు. విజయవాడ నుంచో వరంగల్ నుంచో వెళ్లిన విద్యార్థికి బ్రిటన్‌లో హామీ ఉండేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి ఆరు నెలలు, ఏడాది అద్దె ఒకేసారి గుమ్మరించి గది పట్టడం ఇన్నాళ్లూ నడిచిన దారి. చదువు అప్పులో పెద్ద ముక్క అక్కడికే పోయేది. ఇప్పుడా భారం తగ్గుతుంది, సంతోషమే. అయితే ముందు డబ్బు తీసుకోలేని యజమాని ఇంకో భరోసా కోరతాడు. బ్రిటన్‌లో స్థిరపడి, జీతం చూపించగల హామీదారును తెమ్మంటాడు. డబ్బు ఉండి మనిషి లేనివాడికి ఈ రక్షణే అడ్డుగోడ కావచ్చు. విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద హాస్టల్ భవనాల్లో చాలావాటికి ఈ అద్దె పద్ధతి వర్తించదు కనుక మనవాళ్లు అటు మళ్లే అవకాశం ఎక్కువ.

అవాబ్ చట్టం ఇంకా సూటిగా ఉంటుంది. గదిలో బూజు పట్టిందని తండ్రి ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటే రంగు వేసుకోమన్నారన్నది ఆ పసివాడి మరణ విచారణలో బయటపడిన సంగతి. 2025 అక్టోబర్ 27 నుంచి సామాజిక గృహాల యజమానులు అత్యవసర ప్రమాదాన్ని 24 గంటల్లో చక్కబెట్టాలి. తీవ్రమైన చెమ్మ, బూజు గురించి తెలిసిన 10 పనిదినాల్లో వచ్చి చూడాలి. ‘వీలు చూసుకుని’ అన్న మాటకు గడియారం కట్టడమే ఈ చట్టం చేసిన పని.

పని, జీతం

మళ్లీ మన హోటల్ దగ్గరికి వద్దాం. 21 ఏళ్లు దాటినవారి కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకు 12.21 పౌండ్లు. 2026 ఏప్రిల్ నుంచి 12.71. ఉద్యోగి కోసం యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 2025 ఏప్రిల్‌లో 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది. అంతకంటే గట్టి దెబ్బ ఇంకోటి. ఇదివరకు ఏడాది జీతంలో 9,100 పౌండ్లు దాటాక మొదలయ్యే ఈ చెల్లింపు ఇప్పుడు 5,000 దగ్గరే మొదలవుతోంది. చిన్న సంస్థలకు ఏటా 10,500 పౌండ్ల దాకా మాఫీ ఉంది. ముగ్గురు నలుగురితో నడిచే హోటల్ ఆ నీడలో గట్టెక్కుతుంది. పదిహేను మందిని పెట్టుకున్నవాడు వేసవి ఎండలోనే నిలబడాలి.

బిల్లు మీద కలిపే సర్వీస్ చార్జీ, వినియోగదారు ఇష్టంగా ఇచ్చే టిప్పు ఒక్క పెన్నీ కోత లేకుండా పనివాళ్లకే చేరాలన్న చట్టం 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. పంపకం ఎలా జరుగుతుందో యజమాని రాతపూర్వకంగా చూపించాలి, లెక్కలు మూడేళ్లు దాచాలి. వంటింట్లో గిన్నెలు తోమేవాడికీ, బల్ల దగ్గర నవ్వుతూ వడ్డించేవాడికీ వాటా ఎంతన్న పాత తగాదా ఇప్పుడు కాగితం మీదికెక్కింది.

వీటన్నిటికంటే పెద్దది 2025 డిసెంబర్ 18న రాజామోదం పొందిన ఉద్యోగ హక్కుల చట్టం. జబ్బు చేసినప్పుడు ఇచ్చే వేతనం ఇదివరకు నాలుగో రోజు నుంచి దక్కేది, మరీ తక్కువ సంపాదించేవాళ్లకు అసలు దక్కేదే కాదు. 2026 ఏప్రిల్ నుంచి మొదటి రోజు నుంచే, అందరికీ. జ్వరంతో ఒళ్లు కాలుతున్నా పనికొచ్చి పిండి కలిపే అవసరం వంటవాడికి తప్పిందంటే లాభం అతనొక్కడిదే కాదు, తినేవాళ్లది కూడా.

అన్యాయంగా తీసేస్తే కోర్టుకెక్కే హక్కు విషయంలో మాత్రం బేరం నడిచింది. ఇదివరకు ఆ హక్కు రావాలంటే రెండేళ్లు పనిచేయాలి. చేరిన రోజు నుంచే ఇస్తామని లేబర్ పార్టీ 2024 ఎన్నికల్లో చెప్పింది. వ్యాపార సంఘాలు గగ్గోలు పెట్టాయి, లార్డ్స్ సభ బిల్లును పదేపదే తిప్పి పంపింది. చివరికి ఆరు నెలల దగ్గర రాజీ కుదిరి, 2027 జనవరి నుంచి అమలుకు ఒప్పుకున్నారు. దానికి బదులుగా నష్టపరిహారం మీద ఉన్న గరిష్ఠ పరిమితి ఎగిరిపోయింది. గడువులో యజమానులు గెలిచారు, డబ్బులో కార్మికులు గెలిచారు.

గల్లాపెట్టె, బ్యాంకు, తెర

మిగతా నిబంధనలను త్వరగా చూసేయొచ్చు. మొదట తక్కువ ధర చూపించి, చివరి పేజీలో తప్పనిసరి రుసుములు కలిపే పద్ధతిని 2025 ఏప్రిల్ 6 నుంచి నిషేధించారు. దొంగ రివ్యూలనూ అప్పుడే నిషేధించారు. పోటీ నియంత్రణ సంస్థ కోర్టుకు పోకుండానే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా వేయగలదు. ఒకసారి పీల్చి పారేసే వేప్‌ల అమ్మకం 2025 జూన్ 1న ఆగింది. ఇంగ్లండ్‌లో పదిమంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న ప్రతి సంస్థా 2025 మార్చి 31 నుంచి తిండి వ్యర్థాలను వేరు బుట్టలో వేయాల్సిందే.

బ్యాంకుల నిబంధన మాత్రం ఆగి చూడదగ్గది. ఎవరో పోలీసునని, బ్యాంకు అధికారినని ఫోన్‌లో నమ్మించి మన చేతనే డబ్బు పంపించుకునే మోసం మన దగ్గరా అందరికీ తెలిసిందే. ‘మీరే పంపారు కదా’ అని చేతులు దులుపుకోవడం బ్యాంకుల పాత జవాబు. 2024 అక్టోబర్ 7 నుంచి బ్రిటన్‌లో అలాంటి బాధితుడికి 85,000 పౌండ్ల వరకు బ్యాంకులే తిరిగివ్వాలి. పంపిన బ్యాంకు సగం, దొంగ ఖాతా తెరిచిన బ్యాంకు సగం. దొంగకు ఖాతా ఇచ్చిన పాపానికి జేబు చిరిగితే, ఖాతా ఇచ్చేముందు ఒకటికి రెండుసార్లు చూస్తారన్నది లెక్క.

కంపెనీల నమోదు కథ దీనికి తిరగేసినది. అక్కడ ఇన్నాళ్లూ కాపలా లేనిది ప్రభుత్వ గుమ్మమే. కంపెనీస్ హౌస్‌లో ఎవరి పేరుతోనైనా కంపెనీ తెరిచేయొచ్చని చూపించడానికి ఒక వ్యాపారి ఏకంగా వాణిజ్య మంత్రి విన్స్ కేబుల్ పేరునే డైరెక్టరుగా ఇచ్చాడు. నమోదైపోయింది. తానే ఆ సంగతి చెప్పాడు. 2018లో శిక్ష పడింది దొంగలకు కాదు, ఈ పెద్దమనిషికే. 2025 నవంబర్ 18 నుంచి డైరెక్టర్లు, కంపెనీ మీద పట్టున్న వ్యక్తులు తమ గుర్తింపును నిరూపించుకోవాల్సిందే. ఇక్కడ ప్రభుత్వం కాపలా పనిని ఇంకొకరి మీదికి నెట్టకుండా తన గుమ్మంలో తానే నిలబడింది.

ఇంటర్నెట్ దగ్గర బొమ్మ అంత తేటగా లేదు. 2023 ఆన్‌లైన్ భద్రతా చట్టంలో పిల్లలకు సంబంధించిన నిబంధనలు 2025 జూలై 25న అమల్లోకి వచ్చాయి. అశ్లీల సైట్లు వయసును గట్టిగా నిర్ధారించుకోవాలి. ఆత్మహత్యను ప్రేరేపించే సరుకును పిల్లల కళ్లముందు పెట్టకూడదు. తప్పితే 1.8 కోట్ల పౌండ్లు లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అది జరిమానా. తన అల్గారిథమ్ పిల్లవాడి ముందు ఏం గుమ్మరిస్తోందో కంపెనీని అడగడం న్యాయం. అయితే అదే చట్టం కింద పెద్దవాళ్లు కూడా ముఖం చూపించో, కార్డు చూపించో లోపలికి వెళ్లాలి. నిబంధన అమల్లోకి రాగానే, ఏ దేశం నుంచి చూస్తున్నామో దాచే వీపీఎన్‌ల డౌన్‌లోడ్లు ఎగబాకాయి. చట్టాన్ని రద్దు చేయాలన్న వినతిపై ఐదు లక్షలకు మించి సంతకాలు పడ్డాయి.

రాజ్యం సరిహద్దుకు కాపలా

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. విదేశీయుడికి పనిచేసే హక్కు ఉందో లేదో యజమాని చూడాలి. ఇంట్లో ఉండే హక్కు ఉందో లేదో ఇంటి ఓనరు చూడాలి. 2014 ఇమిగ్రేషన్ చట్టంతో ఇంటి ఓనరు మీద ఈ బాధ్యత పడింది. అర్హత లేని మనిషిని పనిలో పెట్టుకుంటే 2024 ఫిబ్రవరి నుంచి తలకు 45,000 పౌండ్ల దాకా, మళ్లీ దొరికితే 60,000 దాకా జరిమానా. ప్లాస్టిక్ కార్డుల బదులు ఇప్పుడంతా ఈ-వీసానే. విద్యార్థి ఫోన్‌లో తొమ్మిది అక్షరాల షేర్ కోడ్ తీసిస్తాడు. పనికైతే డబ్ల్యూతో మొదలయ్యేది, ఇంటికైతే ఆర్‌తో మొదలయ్యేది.

దీని ఫలితం కోర్టులోనే తేలింది. ఇంటి ఓనర్ల తనిఖీ వల్ల బ్రిటిష్ పాస్‌పోర్టు లేనివాళ్లూ, విదేశీ పేర్లున్నవాళ్లూ వివక్షకు గురవుతున్నారని 2019లో హైకోర్టు చెప్పింది. 2020లో అప్పీలు కోర్టు పథకాన్ని కొట్టేయలేదు గానీ వివక్ష జరుగుతోందన్న సంగతిని కాదనలేదు. ఓనరు మనసులో ద్వేషం ఉండాల్సిన పని లేదు. ఇద్దరు గది అడిగారు. ఒకడి కాగితం చూడగానే అర్థమవుతుంది, రెండోవాడిది సైటులో వెతకాలి, తప్పైతే జరిమానా. ఎవరికి తాళం చేతికిస్తాడో వేరే చెప్పాలా?

కాపలా మరీ గట్టిపడుతున్న రోజులివి. 2025 జూలై 22 నుంచి నైపుణ్య వీసాకు కనీస జీతం సాధారణంగా 41,700 పౌండ్లు. డిగ్రీ స్థాయి ఉద్యోగం అయి ఉండాలి. విదేశాల నుంచి కేర్ వర్కర్లను తెచ్చుకునే దారి అదే రోజున మూసేశారు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే గడువు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. హైదరాబాద్‌లో కన్సల్టెన్సీ గోడ మీద పోస్టరు చూసి అప్పుచేసే తండ్రి ముందుగా లెక్క వేయాల్సింది ఈ ఆరు నెలల తేడాని.

ముద్ర పడిన రోజు, అమలైన రోజు

ఈ చట్టాలను చదివే మనం రెండు పొరపాట్లు చేయకూడదు. మొదటిది, రాజామోదం వార్త చూసి చట్టం వచ్చేసిందనుకోవడం. మార్టిన్ చట్టానికి 2025 ఏప్రిల్ 3న ఆమోదం దొరికినా కనీసం 24 నెలలు తయారీకి వదిలారు. ఒకేసారి 200 మంది చేరే అవకాశమున్న చోటు నుంచి అది వర్తిస్తుంది. బడులకూ, గుళ్లకూ కూడా. మన తెలుగు సంఘాలు ఉగాది చేసుకునే హాళ్లలో ఎన్నో దాని కిందికి వస్తాయి. చిన్న హాలును అది అడిగేది లోహ పరీక్ష యంత్రాలు కాదు. జనాన్ని ఎటు బయటికి పంపాలి, తలుపులు ఎప్పుడు మూయాలి అన్న ముందస్తు ఆలోచన మాత్రమే.

రెండోది, బ్రిటన్ అంటే ఒకే చట్టం అనుకోవడం. కారణం చెప్పకుండా ఖాళీ చేయించడాన్ని స్కాట్లాండ్ 2017 డిసెంబర్ నుంచే కొత్త అద్దెలకు ఆపేసింది. నలుగురూ వచ్చే మూసిన చోట్ల పొగ తాగడాన్ని స్కాట్లాండ్ 2006లో నిషేధిస్తే ఇంగ్లండ్ 2007లో అందుకుంది. ప్లాస్టిక్ సంచికి 5 పెన్నీలు వసూలు చేయడం వేల్స్ 2011లో మొదలుపెడితే ఇంగ్లండ్‌కు 2015 దాకా పట్టింది. లండన్ చేయబోయేది ఏమిటో తెలియాలంటే ఎడిన్‌బరో, కార్డిఫ్ వైపు చూడటం మంచిది.

అమలు ఎవరు చేస్తారన్నది వేరే గుబులు. అద్దె చట్టం కింద ఇంటి ఓనర్లకు 40,000 పౌండ్ల దాకా జరిమానా వేసే అధికారం స్థానిక కౌన్సిళ్లకిచ్చారు. బర్మింగ్‌హామ్ లాంటి మహానగరపు కౌన్సిలే 2023 సెప్టెంబర్‌లో ఖర్చులకు డబ్బు చాలడం లేదని నోటీసు పెట్టుకుంది. కాపలాదారును కాపలా కాసేవాడు నీరసంగా ఉంటే చట్టం కాగితం మీద కళకళలాడుతుంది, అంతే.

ఇన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక గీత కనబడుతుంది. తన వల్ల కలిగే ప్రమాదానికి తనను కాపలా పెడితే వ్యాపారి కాస్తాడు. ఫ్యాక్టరీ, బూజు గోడ, దొంగ ఖాతా, నువ్వులపొడి అన్నీ ఆ కోవలోవే. అవి అతని చేతిలో ఉన్నవి, అతను మార్చగలిగినవి. రాజ్యం చేయాల్సిన పనికి అతణ్ని నిలబెడితే అతను తనను తాను మాత్రమే కాపాడుకుంటాడు. మూల్యం మూడోవాడు చెల్లిస్తాడు. కొత్త చట్టం ఏది వచ్చినా ఈ గీతకు ఎటువైపు ఉందో చూస్తే సగం అంచనా వేయొచ్చు.

ఈస్ట్ హామ్ హోటలాయన ఒకే ఉదయం ఈ రెండు పనులూ చేస్తాడు. పొడి డబ్బాల మీద చీటీలు అంటిస్తూ, ఇంగువలో గోధుమపిండి కలిసిందా అని అనుమానం వస్తే వెనక్కి వెళ్లి సీసా తిప్పి చదువుతాడు, ఒక మాట ఎక్కువే రాస్తాడు. అప్పుడే గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు పని అడుగుతాడు. వారానికి 20 గంటలే అనుమతి ఉన్న విద్యార్థి. షేర్ కోడ్ ఇస్తాడు, ఎందుకో సైటు తెరుచుకోదు. ఆయనకు కుర్రాడి యాస తెలుసు, ఊరు తెలుసు, ముఖంలో ఆకలి కూడా తెలుస్తోంది. అనుమానం మాత్రం అనుమానమే, జరిమానా 45,000 పౌండ్లు.

“రేపు కనపడు బాబూ” అంటాడు.